ముందుగా ఎవరి బిడ్డకు

పోయిన వారం పెద్దమ్మను గేటు దగ్గర వదిలేసి వచ్చాం. ఆమె చెయ్యి గడియ మీద ఉంది. గేటు అవతల ఖాకీ చొక్కాలో కండక్టరమ్మ, ఆమె భుజం మీద పది నెలల పిచ్చుక, ఆ చొక్కా మీద పిచ్చుక అప్పుడే కక్కిన పాలు. చుట్టూ తమ పిల్లల్ని దించడానికి వచ్చిన తల్లులూ తండ్రులూ. "ఈ రోగం తెచ్చింది నీ బిడ్డేనమ్మా. ఇంక ఇక్కడికి తీసుకురావద్దు" అని పెద్దమ్మ అందరికీ వినబడేలా అనేసింది. కండక్టరమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. పాపను రెండో భుజం మీదకు మార్చుకుని వెళ్ళిపోయింది.

ఈ వారమే మన వెంట నడుస్తున్నవాళ్ళకు ఇంకో రెండు ముక్కలు చెప్పాలి. పెద్దమ్మ నిజంగా పెద్దమ్మ అయింది ఒక్కడికే, తోడికోడలి కొడుకు బుడ్డోడికి. వాడి పిలుపే ఇంటి కింది వాటాలో తోడికోడళ్ళిద్దరూ కలిసి నడిపే క్రెష్‌లో పిల్లలకీ, పిల్లల తల్లిదండ్రులకీ అలవాటైపోయింది. అలాగే బుడ్డోడి తల్లి అందరికీ పిన్ని అయింది. ఆ క్రెష్‌లో ఒకరి తరవాత ఒకరుగా పిల్లలకు వాంతులు, నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. రోటా వైరస్ అన్నాడు పిల్లల డాక్టరు. లాయరమ్మ కొడుకు బొద్దుబాబు ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకుంటున్నాడు. ఎవరి వల్ల వచ్చిందన్న ప్రశ్నకు అందరి వేళ్ళూ బస్సుల్లో ఊళ్ళు తిరిగే కండక్టరమ్మ వైపే చూపించాయి. పెద్దమ్మ ఆ వేళ్ళ వెనకాలే పోయింది.

ఇది ఆ మర్నాటి పొద్దున.

క్రెష్ మూసేశారు. పెద్దమ్మ పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని బొమ్మలు తోముతోంది. పెద్ద తొట్టిలో బ్లీచింగ్ కలిపిన నీళ్ళు, అందులో మునిగిన ప్లాస్టిక్ ఇటుకలు, గిలకలు, చక్రం ఊడిన లారీ. నొక్కితే కూతపెట్టే రబ్బరు బాతు కడుపు నిండా నీళ్ళు తాగి కూర్చుంది. ఎంత పిండినా దాని కడుపులోంచి మురికి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. నాలుగుసార్లు పిండి, అయిదోసారికి విసుగొచ్చి గోడకేసి కొట్టింది. అది గోడకు తగిలి కుయ్యిమని కూతపెట్టి మళ్ళీ ఆమె కాళ్ళ దగ్గరికే వచ్చి పడింది.

"నువ్వొక్కదానివి తక్కువయ్యావు నాకు" అంది దాంతో.

వాషింగ్ మెషీను సగంలో ఆగిపోయింది. దుప్పట్లన్నీ నురుగుతో సహా లోపలే ఉన్నాయి. మూత తెరుచుకోదు. పెద్దమ్మ దాన్ని బతిమాలింది, చెంప మీద ఒకటి వేసింది, చివరికి కాలితో కూడా తన్నింది. కాలి వేలు నొప్పి పుట్టడం తప్ప ఇంకేమీ జరగలేదు. ఈ మధ్యలో ఫోను మోగుతూనే ఉంది.

"ఇవాళ తెరుస్తారా పెద్దమ్మా?"

"తెరవనమ్మా. నిన్ననే చెప్పాను కదా."

"మరి మావాడిని ఎక్కడ పెట్టుకోమంటారు? ఆఫీసులో ఊరుకోరు."

"నా నెత్తిన పెట్టమ్మా."

అలా అన్నాక ఫోను పెట్టేసి, అయ్యో అలా అన్నానేమిటి అనుకుంది. మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఇంకో తల్లి. మావాడికి కూడా మొదలైంది పెద్దమ్మా, పొద్దుట్నించి నీళ్ళే నీళ్ళు, ఏం చెయ్యమంటారు అంటూ ఏడుస్తోంది. ఓఆర్‌ఎస్ పట్టించు, కక్కితే కాస్త ఆగి మళ్ళీ చెంచాతో పట్టించు, కక్కాడని మాత్రం మానెయ్యొద్దు అని చెప్పి చెప్పి పెద్దమ్మకు గొంతు బొంగురుపోయింది.

అప్పుడే మరిది, బుడ్డోడి తండ్రి, టీ గ్లాసు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. తొట్టి పక్కన నిలబడి, వదిన తోముతున్న లారీ వంక జాలిగా చూశాడు.

"ఇంకా ఎంతసేపు కడుగుతారు వదినా? ప్లాస్టిక్ అరిగిపోయేలా ఉంది."

"అరిగితే అరగనీ. ఆ మాయదారి వైరస్ ఏ బొమ్మ మీద నక్కిందో తెలిస్తే కదా నేను ఆపేది!"

"ఊరికే కంగారుపడకండి." మరిది మంచివాడు. ఎవరైనా బాధలో ఉంటే ఏదో ఒక మంచిమాట చెప్పకుండా ఉండలేడు. "బొద్దుబాబు కూడా రేపో మాపో లేచి గంతులేస్తాడు. మావాణ్ణి చూడండి. ఆ రోజంతా ఎలా కక్కుకున్నాడు! ఇంట్లో ఒక్క దుప్పటి మిగిలితే ఒట్టు. మర్నాడు పొద్దున లేచి కుర్చీలు ఎక్కేశాడా లేదా? పసితనంలో టీకా చుక్కలు వేయించారు కాబట్టి తేలిగ్గా పోయిందన్నాడు మందులషాపాయన."

పెద్దమ్మ చేతిలో బ్రష్షు ఆగింది.

"ఏ రోజు?"

"అదే, మీరు మీ చెల్లెలి ఇంటికి వెళ్ళారే, ఆ ఆదివారం."

"సోమవారం నేను వచ్చేసరికి బుడ్డోడు కింద పిల్లల మధ్యలోనే ఉన్నాడు కదా."

"ఉన్నాడు మరి. అప్పటికే తగ్గి..."

మరిది మాట అక్కడే ఆగింది. పెరటి గుమ్మంలో అతని భార్య నిలబడి ఉంది. చేతిలో బకెట్టు. ఆమె మొహం చూశాక తను ఏం చేశాడో అతనికి అర్థమైంది. "టీ చల్లారిపోతోంది" అన్నాడు ఎవరితోనో. చేతిలో ఉన్న టీ తాగకుండానే మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ లేచి నిలబడింది. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆదివారమా?" అంది.

పిన్ని బకెట్టు కింద పెట్టింది. "ఒక్కసారే కక్కాడక్కా. ఆయనకి అంతా పెద్దది చేసి చెప్పడం అలవాటు."

"ఇంట్లో ఒక్క దుప్పటి మిగల్లేదన్నాడు."

"పళ్ళొస్తున్నాయేమో అనుకున్నాను."

"రెండేళ్ళ వాడికి నోటినిండా పళ్ళున్నాయే! నన్ను మొన్న కరిచాడు కూడా."

పిన్ని వంగి బకెట్టు పిడిని సరిచేసింది.

"విరేచనాలు కూడా అయ్యాయా?"

"అయ్యాయి."

"సోమవారం పొద్దున కూడా?"

"ఒక్కసారి." గొంతు కిందికి దిగింది. "వెంటనే శుభ్రం చేసేశాను. చేతులకు జెల్లు కూడా రాసుకున్నాను, ప్రతిసారీ."

"జెల్లు!" పెద్దమ్మ చేతిలో బ్రష్షు తొట్టిలో పడింది. "జెల్లుకు ఇది సరిగా చావదు, సబ్బూ నీళ్ళూ పెట్టి కడగాల్సిందేనని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెబుతుంటే నువ్వు నా పక్కనే నిలబడి తల ఊపావు. తగ్గాక కూడా కొన్నాళ్ళు పిల్లల విరేచనంలో ఉంటుందంటే దానికీ తల ఊపావు. వాంతులయిన బిడ్డ పూర్తిగా కుదుటపడి రెండు రోజులు గడిచేదాకా క్రెష్‌కి తేకూడదని రూలు పెట్టింది ఎవరు? నేనా? నువ్వా?"

"నేనే."

"మరి?"

"మరి ఏం చెయ్యమంటావు నన్ను?" పిన్ని గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "వాణ్ణి పైన పెట్టుకుని నేను కూర్చుంటే కింద అంతమంది పిల్లల్ని ఎవరు చూస్తారు? నువ్వేమో ఊరినుంచి ఎప్పుడు వస్తావో తెలియదు. ఆయన సెలవు పెట్టనన్నాడు. పొద్దున్నే గేటు ముందు అందరూ నిలబడ్డారు. ఒకరు గడియారం చూసుకుంటారు, ఒకరు హారను కొడతారు. ఇవాళ తెరవను, నా కొడుక్కి బాగాలేదు అని చెప్పడానికి నోరు తెరిచాను అక్కా. నిజంగా తెరిచాను. ఈలోపు లాయరమ్మ బొద్దుబాబుని నా చేతుల్లో పెట్టేసి కారెక్కేసింది. నీ పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. రూలు గురించి మాట్లాడటం నీకు తేలికే."

"నన్నంటావేం? నాకు చెప్పొచ్చు కదా. సోమవారం నేను వచ్చాక చెప్పొచ్చు. మంగళవారం చెప్పొచ్చు. మొదటి పిల్లకి వాంతులైన రోజు చెప్పొచ్చు!"

"అప్పటికి వాడు బాగానే ఉన్నాడు. ఇద్దరికీ సంబంధం లేదనుకున్నాను. అనుకోవాలనుకున్నాను." పిన్ని గోడకు చేరగిలబడింది. "ఒక రోజు చెప్పకపోతే రెండో రోజు చెప్పడం ఇంకా కష్టమవుతుంది అక్కా. రెండో రోజు అడుగుతారుగా, నిన్న ఎందుకు చెప్పలేదని."

"నిన్న నేను కండక్టరమ్మని అంతమందిలో నిలబెట్టి కడిగేశాను. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"లోపల. కిటికీ దగ్గర."

"విన్నావా?"

"అంతా విన్నాను. బయటికి వద్దామనుకున్నాను. కాళ్ళు కదల్లేదు."

పెద్దమ్మ కాలి దగ్గర పడి ఉన్న బాతును తీసి మళ్ళీ తొట్టిలో వేసింది. అది తేలింది. ముంచింది. మళ్ళీ తేలింది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకుందామంటే అదొక్కటే కుదరడం లేదు.

"నేను చెప్పలేదు, నిజమే" అంది పిన్ని మెల్లిగా. "కానీ అక్కా, నువ్వు కూడా ఎవర్నీ అడగలేదు. మీ బిడ్డకి ముందే ఏమైనా ఉందా అని లాయరమ్మని అడిగావా? నన్ను అడిగావా? ఎవర్నీ అడక్కుండానే కండక్టరమ్మ బిడ్డే అని ఎలా తేలిపోయింది నీకు?"

"ఊళ్ళు తిరిగే మనిషి కదా అని..."

"లాయరమ్మ రోజూ కోర్టులో ఎంతమంది మధ్య తిరుగుతుంది? ఆవిణ్ణి గేటు దగ్గర ఆపేదానివా?"

పెద్దమ్మ ముక్కాలిపీట మీద మళ్ళీ కూర్చుంది. ఆపేది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లాయరమ్మను ఆపితే లాయరమ్మ ఊరుకోదు. కండక్టరమ్మ ఊరుకుంటుంది. నిన్న ఊరుకుంది కూడా. అంతమంది తన మీద పడితే ఎవరో ఒకరిని చూపించి బయటపడాలని పెద్దమ్మకు తొందర. ఎవరిని చూపిస్తే గొడవ తక్కువో ఆమె చెయ్యి ఆమెకంటే ముందే కనిపెట్టేసింది.

పిచ్చుకకు రోగం ఇక్కడే అంటుకుంది. ఈ బొమ్మలే, ఈ చాపలే, ఈ చేతులే అంటించాయి. అంటించి, పైగా నీదే తప్పని పంపించారు.

"ఫోన్ తియ్యి" అంది పెద్దమ్మ.

"ఎవరికి?"

"అందరికీ. లాయరమ్మతో మొదలుపెట్టు. ముందు మా బుడ్డోడికి వచ్చిందని, నేను దాచానని చెప్పు."

"నేనా?"

"ఇంకెవరు? నేను చెబితే తోడికోడలు మీద చాడీ చెప్పినట్టుంటుంది. కండక్టరమ్మ దగ్గరికి మాత్రం నేనే పోతాను. ఆ మాట అన్నది నేను."

పిన్ని ఫోను చేతిలోకి తీసుకుని లాయరమ్మ నంబరు వెతికింది. తరవాత నొక్కింది. పెద్దమ్మ చేతులు తుడుచుకుని చెప్పులు వేసుకుంటుండగా వెనక నుంచి ఆ గొంతు వినిపించింది. "లాయరమ్మా, నేను పిన్నిని. బొద్దుబాబు ఎలా ఉన్నాడు... కాదు, మీరు ముందు నా మాట పూర్తిగా వినండి. తరవాత ఎన్ని తిట్టినా పడతాను." అవతల ఏమన్నారో కానీ పిన్ని ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుంది. పెట్టెయ్యలేదు. అంతవరకు చూసి పెద్దమ్మ గేటు దాటింది.

దారిలోనే కండక్టరమ్మకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి రెండు మోతల్లోనే కట్టయిపోయింది. "కొయ్యమ్మా, కొయ్యి. నేనైనా కోసేదాన్నే" అనుకుంది.

కండక్టరమ్మ ఉండేది ఇస్త్రీ కొట్టు మీది గదిలో. బయటి నుంచి ఇనప మెట్లు. పైకి వెళ్ళి చూస్తే తలుపుకి తాళం. కిటికీ ఊచలకు కట్టిన తాడు మీద పాప గౌన్లు వరసగా ఆరేసి ఉన్నాయి. అంత చిన్న తాడు మీద అన్ని గౌన్లు ఉన్నాయంటే నిన్నంతా ఆ పిల్ల ఎన్నిసార్లు కక్కి ఉంటుందో పెద్దమ్మ ఊహించుకోగలదు.

పక్క వాటాలోంచి ఒకావిడ తల బయటికి పెట్టింది. "డ్యూటీకి పోయిందమ్మా. చీకటితోనే."

"మరి పాప?"

"చంకనేసుకునే పోయింది."

"బస్సులోకా?"

"ఇంకెక్కడికి? వాళ్ళాయన చూస్తే పని మీద ఎక్కడో దూరంగా ఉన్నాడు. మీ క్రెష్‌లోనేమో రానివ్వలేదట." ఆవిడకు తను ఎవరితో మాట్లాడుతోందో తెలుసో తెలియదో. "నన్ను చూడమని అడిగింది పాపం. వాంతుల పిల్లని నేనెక్కడ చూడను? నాకు కూర్చుంటే లేవడం కష్టం. ఇప్పటికే చాలా సెలవులు పెట్టానక్కా, ఇంకొకటి పెడితే నన్ను తీసేస్తారు అంది. ఏడుపొచ్చింది నాకు. అయినా చూస్తానని మాత్రం అనలేకపోయాను."

పెద్దమ్మ ఆవిణ్ణి ఒక మాట అనబోయి మానేసింది. అనడానికి తనకున్న అర్హత ఏమిటి? ఇనప మెట్లు చప్పుడయ్యేలా దిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కింది.

బస్సు డిపోలో అద్దం వెనక, బస్సుల్ని పంపే కంట్రోలరు కూర్చుని ఉన్నాడు. అద్దానికి కింద ఒక బొక్క ఉంది. మాట్లాడాలంటే దానికి సరిపడా నడుం వంచాలి. పెద్దమ్మ నడుం వంచి కండక్టరమ్మ పేరు చెప్పి ఫోన్ కలపమంది.

"డ్యూటీలో ఉన్నవాళ్ళకి బయటి ఫోన్లు ఇవ్వమండి."

"చాలా అవసరం బాబూ."

"అందరికీ అవసరమేనండి. సాయంత్రం బస్సు తిరిగొస్తుంది, అప్పుడు రండి."

"సాయంత్రం దాకా ఆగే విషయం కాదు."

"చావు కబురా?"

"చావు కబురు కాకూడదనే వచ్చాను!" పెద్దమ్మ అద్దం మీద అరచేత్తో కొట్టింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. "ఆ అమ్మాయి ఒళ్ళో పది నెలల పిల్ల ఉంది. ఆ పిల్లకి వాంతులు, విరేచనాలు. చూసేవాళ్ళు లేక బస్సులో పెట్టుకుని తిప్పుతోంది."

కంట్రోలరు పెన్ను కింద పెట్టాడు. "డ్యూటీలో పసిపిల్లని బస్సెక్కించిందా? ఇది రిపోర్టు రాయాల్సిన సంగతి."

పెద్దమ్మ అద్దం మీంచి చెయ్యి తీసేసింది. నిన్న ఆ పిల్లను గేటు బయట పెట్టింది. ఇవాళ సాయం చేద్దామని వచ్చి తల్లి ఉద్యోగానికి ఎసరు పెట్టింది. ఏ పని మొదలుపెట్టినా తన చేతిలో అది తిరగబడుతోంది.

"రాసుకో" అంది చివరికి. "రేపు రాసుకో, ఎల్లుండి రాసుకో. నువ్వు రాసిన దాని కింద నా మాట కూడా రాయి, ఆ పిల్లకి ఇంకో చోటు లేకుండా చేసింది నేనేనని. ముందు ఫోన్ కలుపు."

కంట్రోలరు ఆమె మొహం వంక ఒక క్షణం చూశాడు. ఏమనుకున్నాడో, ఫోను తీసి డ్రైవరు నంబరు నొక్కాడు. డ్రైవరు వెంటనే ఎత్తలేదు. రెండోసారికి ఎత్తి, కొండదారి మధ్యలో ఉన్నాను సార్, మలుపు దాటాక పక్కకి ఆపి చేస్తాను అన్నాడు. ఆ మలుపు ఎప్పటికీ రాదేమో అనిపించింది పెద్దమ్మకు. కంట్రోలరు పక్క తలుపు తీసి ఆమెను లోపలికి రమ్మన్నాడు, కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. ఫోను మోగింది. కంట్రోలరు స్పీకరు పెట్టాడు.

"కండక్టరమ్మా, నేను పెద్దమ్మని."

అవతల ఇంజను గుర్రుమంటోంది. ఎవరో ప్రయాణికుడు ఎందుకు ఆపారని అరుస్తున్నాడు.

"డిపో దాకా వచ్చి చెప్పేశారా పెద్దమ్మా?" కండక్టరమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నిన్నటిది సరిపోలేదా మీకు?"

"నా మాట విను. రోగం నీ బిడ్డ తేలేదు. మా ఇంట్లోంచే వచ్చింది. ముందు మా బుడ్డోడికి వచ్చింది, మేం చెప్పలేదు. వాడి దగ్గరే అందరికీ అంటుకుంది, నీ పిచ్చుకకి కూడా. నిన్న నేనన్న ప్రతి మాటా తప్పు. అందరికీ చెబుతున్నాం. పిన్ని ఫోన్లు చేస్తోంది. నువ్వు నన్ను క్షమించాలని అడగట్లేదు. ఇది నీకు తెలియాలి, అంతే."

కంట్రోలరు తల వంచుకుని బల్ల మీద కనిపించని దుమ్ము తుడుస్తున్నాడు.

"నిన్న ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచించానండీ" అంది కండక్టరమ్మ. "నా బట్టల మీద తెచ్చానా, నా చేతుల మీద తెచ్చానా అని. పాపని ఎత్తుకోవడానికే భయమేసింది నాకు."

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. "పాప ఎలా ఉంది?"

"ఇప్పుడు నయమేనండి. చీకటితో రెండు మూడుసార్లు కక్కింది. తరవాత అన్నీ ఆగిపోయాయి. నా సీటు పక్కన బ్యాగు మీద పడుకోబెట్టాను, హాయిగా నిద్రపోతోంది. అసలు ఏడుపే లేదు."

"ఏం పట్టావు?"

"ఏం పట్టలేదండీ. పడితే కక్కుతోంది కదా. కడుపు ఖాళీగా ఉంటే సర్దుకుంటుందని ఊరుకున్నా."

"ఓఆర్‌ఎస్?"

"కొన్నాను. బ్యాగులోనే ఉంది."

పెద్దమ్మ ఫోను మీదకు వంగింది. "డైపరు ఎప్పుడు మార్చావు?"

"మార్చే పనే పడలేదండీ. ఇందాకే చూశాను, పొడిగా ఉంది. బయల్దేరినప్పట్నించీ అదే."

పెద్దమ్మ బల్ల అంచు పట్టుకుంది. మొన్న బొద్దుబాబును ఆసుపత్రిలో చేర్చేటప్పుడు డాక్టరు లాయరమ్మను అడిగిన మొదటి ప్రశ్న వాంతుల గురించి కాదు, మూత్రం గురించి. ఒంట్లో నీళ్ళు అయిపోయిన పిల్లలు ఇక ఏడవరని, మూత్రం పొయ్యరని, నిద్రలా ఉండేది నిద్ర కాదని అప్పుడే చెప్పాడు.

"లేపు" అంది పెద్దమ్మ.

"ఇప్పుడే పడుకున్న పిల్లని..."

"లేపమ్మా! పాదం మీద గిల్లు. గట్టిగా గిల్లు. నా మీద ఒట్టు, లేపు!"

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. బస్సులో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "పిచ్చుకా" అని పిలిచింది కండక్టరమ్మ. మామూలుగా పిలిచింది. "పిచ్చుకా, లే తల్లీ." ఇంకోసారి పిలిచింది. ఆ తరవాత పిలుపు పిలుపుకీ గొంతు మారిపోయింది. "పిచ్చుకా! ఏయ్, నా బంగారం! ఇటు చూడు, అమ్మని చూడు!"

"కళ్ళు తెరిచిందా?" అని అరిచింది పెద్దమ్మ.

"సగం తెరిచిందండీ. మళ్ళీ మూసేస్తోంది. కళ్ళు లోపలికి పోయాయి... పొద్దున ఇలా లేవండీ. చీకట్లో నేను చూసుకోలేదు."

"ప్యాకెట్టు కలుపు. పెదవి మీద చుక్క వెయ్యి. మింగితేనే ఇంకో చుక్క. మింగకపోతే పొయ్యకు, పొలమారుతుంది. డ్రైవరు ఉన్నాడా?"

"ఉన్నానమ్మా" అన్నది మగ గొంతు. "ఎటు పొమ్మంటారు? కొండ దిగితే ముందు ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఉంది, దగ్గరే. కానీ డాక్టరు ఉంటాడో లేడో."

పెద్దమ్మ కంట్రోలరు వైపు చూసింది. అతను అప్పటికే ఇంకో ఫోను అందుకుని ఆ ఊరి ఆసుపత్రికి చేస్తున్నాడు. అది మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. "వెనక్కి వస్తే మన పెద్దాసుపత్రి. అక్కడ అన్నీ ఉంటాయి" అన్నాడు ఫోను చేత్తో మూసి. "కానీ దారి దానికి రెట్టింపు."

బస్సులో ఎవరో వెనక్కి తిప్పు అంటున్నారు, ఎవరో ముందుకే పోనివ్వు అంటున్నారు. ఒక ఆడగొంతు ఎవరో ఒకరు ఏదో ఒకటి త్వరగా తేల్చండయ్యా అని ఏడుస్తోంది. ఆ గోలంతా దాటుకుని కండక్టరమ్మ గొంతు ఫోను దగ్గరికి వచ్చింది. నిన్న గేటు దగ్గర నోరు విప్పని మనిషి.

"మీరే చెప్పండి పెద్దమ్మా, మీ మాటే వింటాను. ముందుకా, వెనక్కా?"